పెరటి మడుల్లో వరిగడ్డి పరచడం ఎలా

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గడ్డి అంటే పశువుల తిండి. దాన్ని తీసుకెళ్లి వంగ మొక్కల కింద పరుస్తానంటే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. "ఆవులకే చాలక ఏడుస్తుంటే మొక్కలకేటమ్మా గడ్డి?" అని మీరూ వినాల్సి వస్తుంది. ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఇక్కడ చెప్పేదంతా పశువు ముట్టని గడ్డితో చేసే పని. గడ్డిమేటు (గడ్డివామి) పైన వానకి తడిసి నల్లబడిన పొర, అడుగున నేల చెమ్మకి మాగిన పొర, కొత్త గడ్డి వచ్చాక మిగిలిపోయిన నిరుటి గడ్డి, శాలలో ఆవు తొక్కి వదిలేసిన గడ్డి. ఇవన్నీ ఎలాగూ పెంటకుప్ప మీదకి పోయేవే. పోయే ముందు ఓ నాలుగు నెలలు మీ మడిలో పనిచేస్తాయి.

పరిస్తే ఏం ఒరుగుతుందంటారా? ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా ఎర్రనేల మీద అడుగు పెట్టి చూడండి. ఆ వేడి పైపైన పాకే మిరప, వంగ వేళ్లకీ తగులుతుంది. పక్కనే గడ్డి పరిచిన మడిలో గడ్డి తొలగించి అరచెయ్యి ఆనిస్తే నేల చల్లగా, తడిగా ఉంటుంది. రోజూ నీళ్లు పోయాల్సిన మడికి రెండు మూడు రోజులకోసారి పోసినా సరిపోతుంది. కలుపు బాగా తగ్గుతుంది. వానల్లో ఇంకో లాభం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. చినుకు నేలని కొట్టినప్పుడు ఎర్రమట్టి చిమ్మి టమాట కింది ఆకుల అడుగున చుక్కలు చుక్కలుగా అంటుకుంటుంది. మట్టిలో ఉన్న తెగులు ఆకుకి ఎక్కే దారుల్లో అదొకటి. గడ్డి మీద పడ్డ చినుకుకి చిమ్మడానికి మట్టి ఉండదు.

ఏ గడ్డి తేవాలి

వరిగడ్డీ, గట్టుగడ్డీ ఒకటి కావు. వరిగడ్డిలో గింజ నూర్చేశాక మిగిలేది కాడే. గట్ల మీద, కాలవ పక్కన కోసి ఎండబెట్టిన గడ్డిలో మాత్రం గింజ కూడా ఎండి ఉంటుంది. ఊద, వయ్యారిభామ లాంటివి విత్తనంతో సహా మడిలోకి దిగుతాయి. గరికయితే మరీ మొండిది. ఎండినట్టే కనపడి, తడి తగలగానే కణుపు దగ్గర వేరు తొడుగుతుంది. గట్టుగడ్డే దిక్కయితే వెన్ను తీయకముందు కోసి, గలగలమనేదాకా ఎండబెట్టి వాడండి. గరిక కలిసిన గడ్డిని కూరగాయల మడికి అసలు తేవద్దు.

వరిగడ్డిలో కూడా చేత్తో కోసి, కుప్పేసి, సంక్రాంతి ముందూ వెనకా తీరిగ్గా నూర్చిన గడ్డి మేలు. కోత మిషన్ వెనక పడిన గడ్డిలో గింజలు ఎక్కువగా మిగిలిపోతాయి. పరిచిన వారానికి మడంతా వరినారు పోసినట్టు పచ్చబడుతుంది. దీనికి ఉపాయం ఉంది. ఆ గడ్డిని ముందు ఓ మూల పల్చగా వేసి, నాలుగైదు రోజులు నీళ్లు చిలకరించండి. గింజ మొలకెత్తాక ఎండలో తిరగేసి ఆరబెడితే మొలకలు మాడిపోతాయి. ఆ తర్వాత పరచండి. ఒకటీ అరా మడిలో మొలిచినా టెన్షన్ పడనక్కర్లేదు, వేళ్లతో లాగితే వచ్చేస్తాయి. వరి రకం గురించి ఆలోచించకండి. స్వర్ణయినా, 1121 అయినా, రాగోలు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలయినా గడ్డి గడ్డే.

బయట కొనుక్కుంటుంటే మాత్రం ఒక్కటి అడగండి: ఆ పొలానికి చివరిసారి ఏ మందు కొట్టారు, ఎన్నాళ్లయింది? సుడిదోమ కోసం కోత దగ్గర పడ్డాక కూడా మందు కొట్టిన పొలం గడ్డయితే, దాన్ని ఒక వానాకాలం నాననిచ్చాకే ఆకుకూరల మడికి వాడండి. కలుపుమందు మీద అనుమానం ఉంటే చిన్న పరీక్ష చేయొచ్చు. రెండు కుండీల్లో ఒకే మట్టి నింపి, ఒకదానిలో ఆ గడ్డిని ముక్కలు చేసి కలిపి, రెండింటిలోనూ అలసంద గింజలు నాటండి. రెండు మూడు వారాల్లో గడ్డి కలిపిన కుండీలో ఆకులు ముడుచుకుని, మెలితిరిగి వస్తే ఆ గడ్డి వద్దు. ఆకు లేతపసుపుగా ఉండి ఆకారం బాగానే ఉంటే అది మందు వల్ల కాకపోవచ్చు. నత్రజని చాలక కూడా అలా అవుతుంది, ఆ సంగతి కింద చెబుతాను.

మేటు అడుగు గడ్డి తీసేటప్పుడు నేరుగా చెయ్యి పెట్టకండి. ముందు కర్రతో కదపాలి, ఆ తర్వాతే లాగాలి. ఎలుకలున్న చోటికి పాము వస్తుంది, తేళ్లూ అక్కడే ఉంటాయి. నల్లగడ్డి దులిపితే బూజు పొడి లేస్తుంది కాబట్టి కాసిని నీళ్లు చల్లి దులపండి, ముక్కుకి తువ్వాలు కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పని ఇంకొకరికి అప్పజెప్పడం మంచిది. దురద సంగతి గడ్డి మోసినవాళ్లకి చెప్పక్కర్లేదు, నిండు చేతుల చొక్కా వేసుకోవాల్సిందే.

ఎంత కావాలంటే, మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న మడికి సుమారు మూడు నాలుగు కేజీల ఎండుగడ్డి సరిపోతుంది. తడిసిన గడ్డయితే బరువు చూసి మోసపోకండి, పరిచాక మందం చూడండి.

ఎప్పుడు పరచాలి

మనకి రెండు అదనులు. నవంబర్‌లో నాటిన వంగ, టమాట, మిరప వేరూని కొత్త చిగురు వేశాక, అంటే డిసెంబర్‌లో ఒకటి. ఫిబ్రవరి చివర, ఎండ ముదరకముందు ఇంకొకటి. రోహిణి కార్తెలో నేల నెర్రెలిచ్చాక పరిచి లాభం లేదు, దాచుకోవడానికి లోపల తడే ఉండదు.

వానాకాలంలో పరచొచ్చు గానీ మీ నేలని బట్టి చూసుకోవాలి. మెట్ట ఎర్రనేలలో ఇబ్బంది లేదు. నీరు నిలిచే పల్లపు పెరట్లో మాత్రం గడ్డి ఆ తడిని ఇంకా పట్టి ఉంచి వేరుకుళ్లు తెస్తుంది. పైగా అక్టోబర్ మనకి వాయుగుండాల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్ రెండో వారంలోనే వచ్చాయి. తుఫాను హెచ్చరిక వినగానే గడ్డిని మొక్కల మొదళ్ల నుంచి గట్టు మీదకి లాగేయండి. కాలవలోకి తోయొద్దు, నీరు పోయే దారి మూసుకుపోతుంది. వాన వెలిసి నేల కాస్త ఆరాక మళ్లీ సర్దుకోవచ్చు.

మడి సిద్ధం చేయడం

కలుపు తీయకుండా మీద గడ్డి కప్పేసి చేతులు దులుపుకోవడం కుదరదు. చిన్న చిన్న మొలకలు వెలుతురు అందక చస్తాయి గానీ తుంగ చావదు. దాని సూది మొన గడ్డిని పొడుచుకుని పైకి వస్తుంది. గుణపంతో లోతుగా తవ్వి గడ్డలతో సహా ఏరేయాలి. గరికదీ అదే వరస. నడిచే దారుల్లో అయితే నాలుగైదు పొరల పాత న్యూస్‌పేపర్ తడిపి వేసి, దాని మీద గడ్డి పరిస్తే చాలాకాలం కలుపు రాదు.

తర్వాత గత్తం, అంటే పెంట ఎరువు. బాగా మాగిన పశువుల గత్తం మొక్కకి రెండు దోసిళ్లు వేసి, పైమట్టిలో కలపండి. గత్తం గడ్డి కింద ఉండాలి, గడ్డి మీద కాదు. ఆపైన మడి నిండా నీళ్లు పెట్టండి. సాయంత్రం నీళ్లు పెట్టి, మర్నాడు పొద్దున్నే పరిస్తే పని తేలిక. ఎండిన నేల మీద గడ్డి వేసి పైన నీళ్లు పోస్తే, ఆ నీళ్లలో సగం గడ్డే తాగేస్తుంది.

పరచడం

కట్టని కట్టలా మడిలో పడేయకండి. అట్టకట్టిన గడ్డి మీద నుంచి నీరు జారి పక్కకి పోతుంది. విప్పి, దులిపి, చేతులతో వదులు చేసి పరచాలి. పొడుగు కాడలయితే కొడవలితో జానెడు ముక్కలుగా కోసుకుంటే మొక్కల మధ్య సర్దడం సులువు. పెద్ద పాదులకి కోయనక్కర్లేదు.

వదులుగా ఆరంగుళాలు వేస్తే కొన్నాళ్లకి అణిగి బెత్తెడు మందం అవుతుంది. కావాల్సింది ఆ బెత్తెడే. అంతకంటే పల్చనయితే వెలుతురు దిగి కలుపు మొలుస్తుంది, అంతకంటే మందమయితే చిన్న వాన నేలదాకా చేరదు. లేత నారు అయితే రెండంగుళాలతో మొదలుపెట్టి, మొక్క ఎదిగేకొద్దీ పెంచండి.

మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలడం మరిచిపోవద్దు. కాండానికి తడిగడ్డి ఎప్పుడూ ఆని ఉంటే మొదలు మెత్తబడి కుళ్లుతుంది. చెదకీ, చీమకీ కూడా అదే దారి. మామిడి, కొబ్బరి లాంటి చెట్లకి అడుగు దూరం వదలాలి.

పరిచాక పేడనీళ్లు చిలకరించండి. పదిహేను లీటర్ల బకెట్‌లో రెండు దోసిళ్ల పచ్చిపేడ కలిపి, చీపురుతోనో చేత్తోనో గడ్డి మీద అంతటా చల్లితే చాలు. ఈ చిన్న పనికి మూడు ఫలితాలు. గడ్డి అతుక్కుని గాలికి లేవదు. పేడ వాసన ఉన్న గడ్డిని వీధి ఆవులు, మేకలు చాలావరకు ముట్టవు, లేకపోతే మీరు పరిచిన మడి వాటికి మేత అవుతుంది. మూడోది, గడ్డి మాగడానికి కావాల్సిన నత్రజని కొంత అందులోంచి వస్తుంది. కొత్తిమీర, కీర లాంటి పచ్చిగా తినేవాటి మీద మాత్రం పేడనీళ్లు పడనివ్వకండి.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు పేడనీళ్ల బదులు జీవామృతం వాడతారు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కేజీల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల పప్పుల పిండి, పిడికెడు గట్టుమట్టి కలిపి 48 గంటలు నీడలో ఉంచుతారు. పెరటికి అంత అక్కర్లేదు. ఇరవయ్యో వంతు చేసుకోండి: 10 లీటర్ల నీళ్లు, అర కేజీ పేడ, పావు నుంచి అర లీటరు మూత్రం, 100 గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, చిటికెడు మట్టి. రోజూ పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పాలి.

గడ్డిని మట్టిలో కలపకండి

ఎరువే కదా అని తవ్వి మట్టిలో కలిపేస్తుంటారు కొందరు. పంట మీద ఉన్నప్పుడు ఈ పని వద్దు. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి 60 నుంచి 80 పాళ్ల దాకా కార్బన్ ఉంటుంది. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకి అంత కార్బన్ తినడానికి నత్రజని చాలదు. దాంతో మట్టిలో మొక్క కోసం ఉన్నది లాగేసుకుంటాయి. మొక్క కింది ఆకుల నుంచి పసుపు తిరుగుతుంది, ఎదుగుదల ఆగుతుంది. గడ్డి పైన ఉన్నంతసేపు ఈ పోటీ నేల అంచు దగ్గరే జరుగుతుంది, లోపలి వేళ్లని పెద్దగా తాకదు. ఇప్పటికే కలిపేసి ఉంటే పల్చటి పేడనీళ్లు గానీ, వేరుశెనగ చెక్క రెండు రోజులు నానబెట్టిన నీళ్లు గానీ వారానికోసారి పోస్తూ ఉండండి, కోలుకుంటుంది.

గడ్డిలో బలం లేదనుకోకండి. వంద కేజీల వరిగడ్డిలో అర కేజీ నుంచి ముప్పావు కేజీ నత్రజని, కేజీన్నర నుంచి రెండు కేజీల దాకా పొటాష్ ఉంటాయి. కాకపోతే పొటాష్ నీళ్లలో ఇట్టే కరిగిపోయేది. వానల్లో నానిన పాత గడ్డిలో అది చాలావరకు కారిపోయి ఉంటుంది. ఆ లోటుకి పొయ్యి బూడిద మొక్కకి ఓ గుప్పెడు, గడ్డి కింద మట్టి మీద వేస్తే సరి.

నీళ్లు పెట్టడం

గడ్డి పరిచాక నీళ్ల లెక్క మారుతుంది. పైన గడ్డి ఎండి కరకరలాడుతోంది కదా అని నీళ్లు పోసేయకండి. గడ్డి పక్కకి జరిపి వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు వద్దు. అలవాటు కొద్దీ రోజూ పోసుకుంటూ పోతే వేరు ఊపిరాడక మొక్క వాడుతుంది. వాడింది కదా అని ఇంకా పోస్తారు, ఇక అంతే సంగతులు. డ్రిప్ పైపులు ఉంటే గడ్డి కింద ఉంచండి. బిందెతో పోసేవాళ్లు మొదలు చుట్టూ వదిలిన ఖాళీలోనే, మెల్లిగా పోయండి.

వచ్చే బెడదలు

అన్నింట్లోకీ పెద్దది చెద. విజయనగరం మెట్ట ఎర్రనేలల్లో ఎండుగడ్డి పరిస్తే చెద రాకుండా ఉండడం కష్టం. వారానికోసారి గడ్డి ఎత్తి చూడండి. గడ్డి కాడల మీద మట్టి పూతలా కనపడితే చెద పట్టినట్టే. అవి ముందు ఎండిన గడ్డినే తింటాయి. గడ్డి అయిపోయి నేల కూడా ఎండినప్పుడే బతికున్న మొక్క జోలికి వస్తాయి, ముఖ్యంగా మిరపకీ, కొత్తగా నాటిన అంట్లకీ. అందుకే మడిని పూర్తిగా ఎండనివ్వకూడదు. పరచడానికి ముందే మొక్కకి గుప్పెడు వేపపిండి మట్టిలో కలపండి. పూత కట్టిన గడ్డిని తీసి కోళ్ల ముందు వేస్తే క్షణాల్లో ఖాళీ చేస్తాయి. చెద పుట్ట పెరట్లోనే ఉంటే మాత్రం ముందు దాని సంగతి చూసుకోండి. ఇంటి గోడకి ఆనించి ఎప్పుడూ గడ్డి పరచొద్దు, మూడడుగులైనా వదలాలి. చెద గోడ ఎక్కితే తలుపుల దాకా వెళ్తుంది.

ఆ కోళ్లే మడిలోకి దూరితే ఇంకో బెడద. పురుగుల కోసం గడ్డిని కాళ్లతో గీరి గీరి నాలుగు దిక్కులా చిమ్మేస్తాయి. గడ్డి మీద రేగు కంపో, ఎండు తుమ్మ కొమ్మలో అక్కడక్కడా వేయండి. కళింగపట్నం, భావనపాడు వైపు, ఇటు చింతపల్లి, ముక్కాం వైపు సముద్రపు ఒడ్డు ఊళ్లలో చినిగిన చేపల వలకి కరువుండదు. మడి మీద పాత వల బిగించి అంచులకి రాళ్లు పెడితే కోళ్లూ దూరవు, సముద్రపు గాలికి గడ్డీ లేవదు. వల వదులుగా ఉంటే పాములు, తొండలు చిక్కుకుంటాయి కాబట్టి బిగుతుగా కట్టాలి.

వానల్లో నత్తలు వస్తాయి. చీకటి పడ్డాక టార్చి వేసుకుని ఏరి ఉప్పునీళ్ల డబ్బాలో వేయడమే. తడిపిన గోనెపట్టా మడి పక్కన పరిస్తే పొద్దున్నకి దాని కింద చేరి ఉంటాయి, ఒకేసారి ఏరొచ్చు. ఉప్పుని మడిలో చల్లకండి, నేల పాడవుతుంది. గడ్డి మీద తెల్ల బూజు, పుట్టగొడుగులు వస్తే కంగారు వద్దు. గడ్డి మాగుతోందని అర్థం, మొక్కకి హాని లేదు. కానీ ఆ పుట్టగొడుగుల్ని వండుకోవద్దు, పిల్లలుంటే పీకి పారేయండి.

ఏ పంటకి ఎలా

వంగ, టమాట, మిరప, బెండలకి పైన చెప్పినట్టే. ఆనప, బీర, గుమ్మడి పాదుల చుట్టూ వెడల్పుగా పరచండి. నేల మీద పాకే గుమ్మడి, దోస కాయల కింద గడ్డి ఉంటే కాయ అడుగు కుళ్లదు.

తోటకూర, గోంగూర, మెంతి చల్లిన మడి మీద గడ్డి పల్చగా కప్పి, దాని మీదే నీళ్లు చిలకరించండి. మొలక తల ఎత్తగానే సాయంత్రం పూట గడ్డి తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలక తెల్లగా సాగిపోతుంది.

గడ్డి పరిస్తే అన్నింటికంటే ఎక్కువ మేలు పొందేవి పసుపు, అల్లం, కంద. పసుపు, అల్లానికి నాటిన రోజే ఒకసారి, నలభయ్యో రోజుకి, తొంభయ్యో రోజుకి మట్టి ఎగదోసినప్పుడల్లా మరోసారి వేయాలి. పచ్చి ఆకు దొరికితే, ముఖ్యంగా కానుగ, గ్లైరిసీడియా రెమ్మలు దొరికితే వాటిని కింద వేసి పైన గడ్డి కప్పండి, త్వరగా మాగుతుంది.

ఉద్దానం ఇసుకనేలల్లో నీరు నిమిషంలో ఇంకిపోతుంది కాబట్టి అక్కడ గడ్డి అవసరం ఇంకా ఎక్కువ. కానీ కొబ్బరి తోటలో వరిగడ్డి కొని తేవడం దండగ. కొబ్బరి మట్టలు, డొక్కలు, జీడి ఆకు పాదుల్లో పరచండి. డొక్కల్ని పీచు పైకి కాకుండా బోర్లా పేర్చితే నీరు నిలిచి దోమలు పెరగవు. పేడ, గడ్డి కలిపి చెట్టు దగ్గర గుట్టలుగా పోయొద్దు, కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అలాంటి కుళ్లే గుట్టల్లోనే. సరుగుడు ఆకు ఒడ్డు పొడవునా కావాల్సినంత దొరుకుతుంది గానీ విత్తనం మొలవాల్సిన చోట వేయకండి, మొలకని అణచేస్తుంది. నడిచే దారులకి వాడుకోవచ్చు.

మేడ మీద కుండీలకి రెండంగుళాల పొర చాలు, గడ్డిని చిన్న ముక్కలు చేసి వేయాలి. వాననీరు పోయే గొట్టానికి జాలీ పెట్టుకోండి, లేకపోతే ఒక్క వానకే గడ్డి అడ్డం పడి మేడంతా చెరువవుతుంది. ఎండాకాలంలో ఎండుగడ్డి పక్కన బీడీ, అగ్గిపుల్ల జాగ్రత్త. వాడని గడ్డిని వంటింటి వైపు నిల్వ పెట్టకండి.

రెండో విడత

వానల్లో రెండు మూడు నెలలకి గడ్డి కరిగి మట్టిలో కలిసిపోతుంది, వేసవిలో ఇంకాస్త నిలుస్తుంది. మట్టి కనపడ్డ చోటల్లా పాతదాని మీదే కొత్తది వేయండి, పాతది తీయనక్కర్లేదు. పంట అయిపోయాక మిగిలిన గడ్డిని పక్కకి లాగి, మొక్కల మోళ్లు తీసేసి, మడి తవ్వాక మళ్లీ కప్పుకోవచ్చు. బాగా మాగి వేళ్లతో నలిపితే పొడయ్యే గడ్డినయితే ఈసారి మట్టిలో కలిపేయండి. అప్పటికి అందులో నత్రజని కోసం పోటీ ఉండదు.

వంగ, టమాట మొక్కలు పచ్చగా ఉండగానే ఉన్నట్టుండి వాడి చచ్చిపోయిన మడి ఉంటే, ఆ గడ్డిని మళ్లీ వంగ, టమాట, మిరపలకి వాడొద్దు. అరటి పాదులో వేయండి, లేదంటే పెంటకుప్ప నడిమధ్య, వేడి బాగా పుట్టే చోట పూడ్చండి. ఆ మడిలో వచ్చే పంటకి బెండో, గోంగూరో పెట్టుకోండి.